ఇంజినీరింగ్ చదువూ, మన ఊరి నీళ్ళూ

కౌన్సెలింగ్ రోజుల్లో సలహా కోసం బడికొచ్చే తల్లిదండ్రుల దగ్గర ఆప్షన్ల జాబితా ఒకటి ఉంటుంది. మొదటి పది వరసలూ కంప్యూటర్ సైన్సే. దానికే ఒక్కోచోట ఒక్కో తోక: ఏఐ, డేటా సైన్స్, సైబర్ సెక్యూరిటీ. సివిల్, ఎలక్ట్రికల్ వంటివి జాబితా అడుగున, "ఏదీ రాకపోతే చూద్దాం సార్" అనే లెక్కలో ఉంటాయి. పేరున్న కాలేజీలు ఒక్కో బ్రాంచిలో ఇన్నే సీట్లు పెట్టుకోవాలన్న పరిమితిని ఏఐసీటీఈ 2024-25 నుంచి ఎత్తేసింది. దాంతో డిమాండ్ ఉన్న బ్రాంచికే సీట్లు పెరిగే దారి తెరుచుకుంది.

ఆ ఏడాది వేసవిలోనే బెంగళూరు గొంతెండింది. నగరంలోని సుమారు 14 వేల ప్రభుత్వ బోర్లలో దాదాపు సగం పనిచేయడం లేదని కర్ణాటక ప్రభుత్వమే చెప్పింది. సాఫ్ట్‌వేర్ కొలువుల కోసం మన పిల్లలు ఏ ఊరికైతే వెళ్తున్నారో ఆ ఊళ్ళోనే ట్యాంకర్ కోసం బిందెలు, డ్రమ్ములు వరసకట్టాయి. అక్టోబరులో కావేరి అయిదో దశ ప్రారంభమై రోజుకు మరో 77.5 కోట్ల లీటర్లు వచ్చే ఏర్పాటు జరిగింది. ఆ నీరు దాదాపు వంద కిలోమీటర్ల దూరం నుంచి, వందల మీటర్ల ఎత్తుకు పంపులు తోస్తేనే వస్తుంది. ఒక్క బిందె కావేరి నీటి వెనక ఎంత కరెంటు ఉందో లెక్కకట్టడం ఇంజినీరింగే. ఆ కరెంటు ఎక్కడిది, అంత ఎత్తుకు తోసే బదులు నగరంలో కురిసే వానను ఎంత పట్టుకోవచ్చు అని అడగడం కూడా ఇంజినీరింగే. మన కాలేజీలు మొదటిది నేర్పుతున్నాయి. రెండోదాన్ని నేర్పుతున్నాయా అన్నదే ఈ వ్యాసంలో మేము పరిశీలిస్తున్న విషయం.

రేపటి తరాల నోటి దగ్గర కూడు లాగేసుకోకుండా ఈ తరం బతుకు బాగుపరచుకోవడమే సుస్థిర అభివృద్ధి. ఐక్యరాజ్యసమితి నియమించిన బ్రంట్‌లాండ్ కమిషన్ 1987 నివేదికతో ఆ మాట ప్రపంచమంతా పాకింది. 2015లో 17 లక్ష్యాలు పెట్టుకుని, 2030ని గడువుగా రాసుకున్నారు. తాగునీరు, శుద్ధ ఇంధనం, నివాసయోగ్యమైన నగరాలు అన్నీ అందులో ఉన్నాయి. వీటిలో ఇంజినీరు చెయ్యి పడనిది ఏదీ లేదు.

మన దేశంలో ఈ విషయం ఇంజినీరింగ్ చదువులోకి కోర్టు గుమ్మం మీదుగా వచ్చింది. ఎం.సి. మెహతా కేసులో 1991లో సుప్రీంకోర్టు పర్యావరణ విద్యను తప్పనిసరి చేయాలని ఆదేశించింది. ఆ తర్వాత యూజీసీ డిగ్రీ విద్యార్థులందరికీ ఆరు నెలల పాఠ్యాంశాన్ని తయారుచేసింది. ఇంజినీరింగ్ కాలేజీల్లో అది ఒకటి రెండు క్రెడిట్ల పేపరుగా, కొన్నిచోట్ల క్రెడిట్ కూడా లేని పేపరుగా స్థిరపడింది. పరీక్ష ముందురాత్రి చదివి గట్టెక్కేదిగా దానికి పేరు. మరోవైపు కోర్సులకు గుర్తింపునిచ్చే జాతీయ అక్రెడిటేషన్ బోర్డు, పట్టభద్రుడికి ఉండాల్సిన లక్షణాలలో పర్యావరణం, సుస్థిరతలను పెట్టింది. మన డిగ్రీలకు విదేశాల్లో విలువ తెచ్చే వాషింగ్టన్ ఒప్పందంలో 2014లో భారత్ పూర్తిస్థాయి సభ్యదేశం కావడానికి ఈ పద్ధతే ఆధారం. అయితే ఆ లక్షణం విద్యార్థిలో ఉందో లేదో తేల్చేది ప్రధానంగా ఫైళ్ళలోని పట్టికలే. పట్టికలు నింపడం ఎలాంటి పనో ఉపాధ్యాయులకు మేము చెప్పాలా!

విశ్వేశ్వరయ్య సాంకేతిక విశ్వవిద్యాలయం కాలేజీల్లో 2018 స్కీమ్ పిల్లల నుంచి, మార్కులు కాక 100 యాక్టివిటీ పాయింట్లు కూడా కావాలి. ఊళ్ళలోకి వెళ్ళి సమాజానికి పనికొచ్చే పని చేసి సంపాదించాల్సిన పాయింట్లవి. ఉద్దేశం మంచిదే. ఆచరణలో ఒకరోజు మొక్కలు నాటి, ఫొటో దిగి, సర్టిఫికెట్ తెచ్చుకునే తంతుగా మారే ప్రమాదం ఎప్పుడూ పొంచి ఉంటుంది.

పేపరుగా కాకుండా పనిగా ఇది జరిగిన చోటు మన పక్కనే ఉంది. సుస్థిర అభివృద్ధి అన్న మాట వాడుకలోకి రావడానికి పదమూడేళ్ళ ముందే, 1974లో, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో 'ఆస్త్రా' అనే విభాగం మొదలైంది. గ్రామీణ ప్రాంతాలకు శాస్త్ర సాంకేతికతను అన్వయించడం దాని పని. మొదలుపెట్టిన ఆచార్యుడు అముల్య కుమార్ ఎన్. రెడ్డి. ఆయన ఎలక్ట్రోకెమిస్ట్రీలో అంతర్జాతీయంగా పేరున్న శాస్త్రవేత్త. బోక్రిస్‌తో కలిసి ఆయన రాసిన పాఠ్యపుస్తకం ఆ రంగంలో చదవనివారుండరు. అలాంటి మనిషి ప్రయోగశాల వదిలి పొయ్యిల మీద, పేడ మీద పరిశోధన ఏమిటని ఆశ్చర్యపోయినవాళ్ళూ ఉండే ఉంటారు.

తుమకూరు జిల్లా కుణిగల్ తాలూకాలోని ఉంగ్ర గ్రామంలో ఆస్త్రా తన క్షేత్ర కేంద్రం పెట్టుకుంది. చుట్టుపక్కల ఊళ్ళలో ముందుగా చేసిన పని యంత్రాలు దించడం కాదు, లెక్క తీయడం. ఏ ఇంట్లో ఏ ఇంధనం ఎంత వాడుతున్నారు, కట్టెలు ఎవరు తెస్తున్నారు, నీళ్ళు ఎవరు మోస్తున్నారు, దానికి ఎన్ని గంటలు పడుతోంది అని ఇల్లిల్లూ తిరిగి కొలిచారు. ఊరు వాడే శక్తిలో అత్యధిక భాగం కరెంటూ కిరోసినూ కాదు, వంటచెరకేనని తేలింది. ఆ చెరకు మోసేది ఎక్కువగా ఆడవాళ్ళూ, బడికెళ్ళాల్సిన పిల్లలూ. ఊరికి కరెంటు తీగ వచ్చిందా లేదా అన్న ఒక్క కొలమానంతో అభివృద్ధిని చూస్తున్న రోజుల్లో ఈ లెక్క పెద్ద మార్పే.

ఆ ప్రాంతంలోనే పుర అనే చిన్న ఊరుంది. అక్కడ అందరికీ కలిపి ఒక గోబర్ గ్యాస్ ప్లాంటు పెట్టి, ఇళ్ళకు వంటగ్యాస్ ఇవ్వాలన్నది మొదటి ఆలోచన. పశువుల పేడ అన్ని ఇళ్ళ వంటకూ చాలలేదు. కాగితం మీద చక్కగా ఉన్న పథకం ఇక్కడ తలకిందులైంది. చాలా ప్రాజెక్టులు ఈ దశలోనే నివేదికలో ముగుస్తాయి. ఆస్త్రా వాళ్ళు ఊరివాళ్ళతో మళ్ళీ కూర్చున్నారు. ఊరి అసలు కష్టం తాగునీరు. ఉన్న గ్యాస్‌తో ఇంజను తిప్పి, కరెంటు పుట్టించి, బోరు నీరు తోడి ఇళ్ళ దగ్గరికి ఇస్తే? లైట్లూ వెలుగుతాయి. 1987 నుంచి పుర ఆ పద్ధతిలో నడిచింది. పేడ తెచ్చిన ఇంటికి కొంత రుసుము ఇచ్చేవారు. గ్యాస్ తీసేశాక మిగిలిన ఎరువును ఎవరి వాటా వారికి తిరిగి ఇచ్చేవారు. పేడ తెచ్చేది ఆడవాళ్ళు కాబట్టి ఆ రుసుమూ వాళ్ళ చేతికే వచ్చేది.

ఆ ప్లాంటు శాశ్వతంగా నిలబడలేదు. గ్రిడ్ కరెంటు ఊళ్ళకు చౌకగా చేరుతున్నకొద్దీ ఇలాంటి వాటికి కాలం చెల్లింది. కనుక దీన్ని విజయగాథగా చెప్పడం మా ఉద్దేశం కాదు. మేము గమనించాల్సిందిగా కోరేది క్రమాన్ని: ముందు కొలత, తర్వాత నమూనా, అది పొసగకపోతే ఊరివాళ్ళ మాట విని మార్పు. ఈ మూడో మెట్టు ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు, పరీక్షలో అడగరు. అదే జట్టు తక్కువ కట్టెలతో, పొగ ఇంట్లో నిండకుండా వండే మూడు గిన్నెల పొయ్యిని రూపొందించింది. కర్ణాటక పల్లెల్లో దాన్ని 'ఆస్త్రా ఒలె' అన్నారు. కొద్దిగా సిమెంటు కలిపి, యంత్రంతో నొక్కి, బట్టీలో కాల్చకుండా చేసే మట్టి ఇటుక మీదా ఏళ్ళ తరబడి పనిచేసింది. కాల్చని ఇటుకకు కట్టెలు, బొగ్గు అక్కరలేదు. ఈ ఇటుకలతో కట్టిన ఇళ్ళు ఇవాళ బెంగళూరులో ఎన్నో ఉన్నాయి. ఆస్త్రా ఇప్పుడు సుస్థిర సాంకేతికతల కేంద్రంగా పేరు మార్చుకుని అదే ఆవరణలో నడుస్తోంది. రెడ్డి గారు మరో ముగ్గురు విదేశీ సహచరులతో కలిసి 2000లో వోల్వో పర్యావరణ బహుమతి అందుకున్నారు, 2006లో కన్నుమూశారు.

ఇదంతా పాత కథ అనుకుంటే, కొత్తది కోలారులో నడుస్తోంది. తెలుగు ఇంటిభాషగా ఉన్న కుటుంబాలు కోలారు, ముళబాగిలు, శ్రీనివాసపుర ప్రాంతాల్లో ఎన్నో ఉన్నాయి. చెరువులకు పేరుపడిన ఆ జిల్లాలో బోర్లు వెయ్యి అడుగులు దాటినా నీరు పడని స్థితి వచ్చింది. బెంగళూరు మురుగునీటిని శుద్ధిచేసి, రోజుకు 44 కోట్ల లీటర్ల దాకా కోలారు చెరువుల్లో నింపే కోరమంగల-చల్లఘట్ట లోయ పథకం 2018లో మొదలైంది. ఆ నీరు నేరుగా తాగడానికీ, పొలాలకు పారించడానికీ కాదు. చెరువులో నిలిచి, ఇంకి, భూగర్భజలాన్ని పెంచాలన్నది ఉద్దేశం. మొదటి చెరువుల్లోనే నురుగు తేలింది. వ్యవహారం కోర్టులకెక్కింది. హైకోర్టు, ఆ తర్వాత సుప్రీంకోర్టు కొంతకాలం ఆపి, మళ్ళీ అనుమతించాయి.

రెండు దశల శుద్ధిలో సూక్ష్మజీవులు మురుగులోని సేంద్రియ పదార్థాన్ని చాలావరకు తినేస్తాయి. నత్రజని, భాస్వరం వంటి పోషకాలు, సబ్బుల అవశేషాలు కొంత మిగులుతాయి. వాటిని తగ్గించడానికే మూడో దశ శుద్ధి కావాలని అక్కడి రైతు నాయకులు ఇన్నేళ్ళుగా అడుగుతున్నారు. ఇంకోవైపు, ఎండిన బావుల్లో, బోర్లలో మళ్ళీ నీరు కనిపించిందన్నదీ నిజమే. నీరు పెరిగింది అన్న మాటా, నీటి నాణ్యత మాటేమిటి అన్న ప్రశ్నా ఒకే చెరువు గట్టు మీద నిలబడి ఉన్నాయి. రెండింటికీ జవాబు చెప్పాల్సింది కొలతే. ఏ చెరువు పక్కన ఏ బోరులో ఏ నెలలో ఏముంది అని ఏళ్ళ తరబడి పరీక్షించి, ఊరివాళ్ళకు అర్థమయ్యే భాషలో బోర్డు మీద రాసిపెట్టే పని అది. ఆ చుట్టుపక్కల ఉన్న ఇంజినీరింగ్ కాలేజీలకు ఇంతకంటే మంచి ప్రయోగశాల ఎక్కడ దొరుకుతుంది? నీటి పరీక్షకు కావలసిన పరికరాలు ప్రతి సివిల్ విభాగంలోనూ ఉండితీరాలి. కావలసింది వాటిని చెరువు దాకా మోసుకెళ్ళే టైంటేబుల్.

పావగడ సంగతి ఇంకో రకం. ఆంధ్ర మధ్యలోకి చొచ్చుకొచ్చినట్టుండే ఆ తాలూకాలో తెలుగు వినబడని ఊరు అరుదు. కరువు సీమ, ఫ్లోరైడ్ నీటి సీమ. అక్కడ 13 వేల ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు వచ్చింది. భూమి కొనలేదు, రైతుల దగ్గర కౌలుకు తీసుకున్నారు: ఎకరాకు ఏడాదికి 21 వేల రూపాయలు, రెండేళ్ళకోసారి 5 శాతం పెంపు. వాన మీద ఆధారపడిన వేరుశనగ రైతుకు ఇది నమ్మకమైన రాబడి. భూమి లేని కూలీకి మాత్రం కౌలూ లేదు, ఆ పొలాల్లో దొరికే పనీ పోయింది. గొర్రెలకు మేత బీళ్ళు తగ్గాయి. పలకల మీద దుమ్ము కడగడానికి నీళ్ళు కావాలి, అదీ పావగడలో! పాతికేళ్ళకు ఆ పలకల ఆయుష్షు తీరుతుంది. 2022 ఈ-వ్యర్థాల నియమాల్లో సోలార్ పలకలను చేర్చారు గానీ, అంత పెద్ద గుట్టను విడదీసి గాజు, అల్యూమినియం, వెండి వెనక్కి రాబట్టే పరిశ్రమ మన దగ్గర ఇంకా తప్పటడుగుల దశలోనే ఉంది.

ఇది సౌరశక్తికి వ్యతిరేకంగా చెబుతున్న మాట కాదు. బొగ్గు పొగ కంటే ఇది వెయ్యిరెట్లు నయం. కానీ ఎలక్ట్రికల్ విద్యార్థికి పలక సామర్థ్యం ఎంత అన్న లెక్క వచ్చినంత తేలిగ్గా, నీళ్ళు వాడకుండా దాన్ని తుడవడం ఎలా, పలకల కింద నీడలో ఏ పంట వేయొచ్చు, కూలీకి ఏం మిగులుతుంది అన్నవి కూడా రావాలి. అవి సిలబస్‌కు బయటివి అనుకున్నంత కాలం పార్కులు వస్తాయి, ఊళ్ళు ఖాళీ అవుతాయి.

ఒడిశాలోని మన పాఠకులకు ఇంకో ఉదాహరణ కళ్ళెదుటే ఉంది. 1999 పెనుతుపానులో ఆ రాష్ట్రంలో సుమారు పదివేలమంది చనిపోయారు. ఆ తర్వాత తీరంలో కట్టిన బహుళ ప్రయోజన తుపాను ఆశ్రయాల స్థల ఎంపికలో, నమూనాల్లో ఐఐటీ ఖరగ్‌పూర్ పాలుపంచుకుంది. 2013 అక్టోబరులో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర, అంటే బరంపురం తెలుగువాళ్ళ గుమ్మం ముందే, తీరం దాటినప్పుడు మరణాలు పదుల్లోనే ఆగాయి. వాతావరణ శాఖ ముందస్తు హెచ్చరిక, లక్షలమందిని తరలించిన యంత్రాంగం దీనికి ప్రధాన కారణాలు. అయితే తరలించడానికి గట్టి కప్పు ఒకటి ఉండాలి కదా. తుపాను లేని రోజుల్లో చాలా ఆశ్రయాలు బడులుగా వాడుకలో ఉంటాయి. వాడుకలో ఉన్న కట్టడం పాడుబడదు, ఆపదవేళ తాళంచెవి కోసం వెతుక్కోనక్కరలేదు. ఇలాంటి చిన్న మెలకువలోనే ఇంజినీరు పనితనం కనబడుతుంది.

మహారాష్ట్రలో ఐఐటీ బొంబాయి 1985లోనే గ్రామీణ సాంకేతిక ప్రత్యామ్నాయాల కేంద్రం పెట్టింది. జిల్లా యంత్రాంగంతో కలిసి స్థానిక సమస్యలు చదివే బాధ్యత ఇంజినీరింగ్ కాలేజీలకు అప్పగిస్తూ 2016లో అక్కడి ప్రభుత్వం ఉన్నత్ మహారాష్ట్ర అభియాన్ తెచ్చింది. సోలాపూర్‌లో తువ్వాళ్ళు, చద్దర్లు నేసే మన పద్మశాలి కుటుంబాల పిల్లలు ఇంజినీరింగ్‌కు వెళ్తే, అద్దకం నీళ్ళను శుద్ధిచేసి మళ్ళీ వాడుకోవడం కంటే వాళ్ళకు దగ్గరి ప్రాజెక్టు ఏముంటుంది?

మరి కంప్యూటర్ సైన్స్ వద్దంటారా అని తల్లిదండ్రులు అడుగుతారు. అనం. ఇల్లు కుదువపెట్టి, బ్యాంకు లోను తీసుకుని చదివించే తండ్రికి మొదటి జీతం ఎంత అన్నది చిన్న ప్రశ్న కాదు. సివిల్ చదివిన కుర్రాడికి మొదట్లో వచ్చే జీతం సాఫ్ట్‌వేర్‌తో పోలిస్తే తక్కువేనన్నది అందరికీ తెలిసిందే. ఆ వాస్తవాన్ని దాచి, పిల్లల త్యాగం మీద దేశాన్ని నిలబెట్టమనే సలహా మేము ఇవ్వం. మేము అడిగేది వేరు. బ్రాంచి ఏదైనా, నాలుగేళ్ళలో ఒక్క నిజమైన సమస్య దగ్గర మీ పిల్లవాడు చెప్పులరిగేలా తిరిగే అవకాశం ఆ కాలేజీలో ఉందా? బోరు మట్టం కొలిచే సెన్సరు, ట్యాంకు నిండగానే మోటారు ఆపే సర్క్యూట్, తుపాను హెచ్చరికను తెలుగులో, ఒడియాలో వినిపించే యాప్ కంప్యూటర్ విద్యార్థులు చేయగలిగినవే. అయితే వాటిని ఊళ్ళో ఆరునెలలు నడిపి చూసినప్పుడే అవి పనిచేస్తాయో లేదో తెలుస్తుంది.

ఇక్కడ మన పిల్లలకు ఒక అనుకూలత ఉంది. దాన్ని మనమే లోపంగా చూస్తున్నాం. "మావాడికి ఇంగ్లీషు రాదు, ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, అన్నీ సగం సగమే" అని తల్లులు దిగులుపడతారు. పావగడలో ఇల్లిల్లూ తిరిగి నీటి లెక్క రాయాలంటే రైతుతో తెలుగులో, తాలూకా ఆఫీసులో కన్నడంలో మాట్లాడి, నివేదిక ఇంగ్లీషులో రాయగల మనిషి కావాలి. అది మన బడి నుంచి వెళ్ళిన పిల్లే. జేఈఈ మెయిన్‌ను 2021 నుంచి తెలుగుతో కలిపి 13 భాషల్లో రాయవచ్చు. అదే ఏడాది భారతీయ భాషల్లో బీటెక్ బోధనకు ఏఐసీటీఈ అనుమతిస్తే, తెలుగులో చెప్పడానికి ఆంధ్రలో ఒక కాలేజీ ముందుకొచ్చింది. మొత్తం కోర్సు తెలుగులో చదవాలా అన్నది కుటుంబాలు తేల్చుకోవాల్సిన విషయం. మొదటి ఏడాది లెక్కలు, మెకానిక్స్ తెలుగులో అర్థం చేసుకునే పుస్తకం పక్కన ఉంటే మాత్రం మంచిదే.

ఇంకో మాట కటువుగా ఉన్నా చెప్పాలి. తమిళనాడులో తెలుగు మైనారిటీ హోదా పొందిన ఇంజినీరింగ్ కాలేజీలున్నాయి. ఆ హోదా సీట్ల పంపకంలో మాత్రమే కనబడితే సరిపోదు. హోసూరు, కృష్ణగిరి తెలుగు పల్లెల్లో ఫ్లోరైడ్ నీళ్ళ మీదో, చెరువుల మీదో ఆ కాలేజీల విద్యార్థులు ఏం చేశారని అడిగే హక్కు మన సంఘాలకు ఉంది.

కాలేజీ చూడటానికి వెళ్ళినప్పుడు ప్లేస్‌మెంట్ బోర్డు ముందు ఎలాగూ నిలబడతారు. దానితోపాటు హాస్టల్ మురుగునీరు ఎక్కడికి పోతుందో కూడా ఒకసారి అడగండి. శుద్ధి కేంద్రం ఉంటే చూపించమనండి. వెయ్యిమంది పిల్లల నీటిని తానే శుద్ధి చేసుకోలేని కాలేజీ సుస్థిరత పాఠం ఏం చెబుతుంది? ఉన్నత్ భారత్ అభియాన్ కింద దత్తత తీసుకున్న ఊళ్ళేవో అడిగి, వీలైతే ఆ ఊళ్ళో ఒకరిద్దరిని కనుక్కోండి. కర్ణాటకలోని పిల్లలకైతే, రాష్ట్ర శాస్త్ర సాంకేతిక మండలి 1970ల చివర నుంచి చివరి సంవత్సరం ప్రాజెక్టులకు ఎంపిక చేసి ఆర్థిక సాయం ఇస్తోంది. బజారులో రెడీమేడ్ ప్రాజెక్టు కొనే ముందు దీనికి దరఖాస్తు పెట్టమని చెప్పండి.

బడి స్థాయిలో మనమూ మొదలుపెట్టవచ్చు. బెంగళూరు జయనగర్‌లో జల మండలి పెట్టిన వాననీటి సంరక్షణ పార్కు ఉంది. విహారయాత్ర పేరుతో మాల్‌కు తీసుకెళ్ళే బదులు తొమ్మిదో తరగతిని అక్కడికి తీసుకెళ్ళవచ్చు. తిరిగొచ్చాక బడి కప్పు పొడవు, వెడల్పు కొలిపిస్తే చాలు. వంద చదరపు మీటర్ల కప్పు మీద పది మిల్లీమీటర్ల వాన పడితే వెయ్యి లీటర్లు. మీ తాలూకాలో ఏడాదికి ఎన్ని మిల్లీమీటర్లు పడుతుందో తహసీల్దారు ఆఫీసులో దొరుకుతుంది. మిగతా గుణకారం పిల్లలే చేస్తారు.